ఫోను భద్రతకూ నిచ్చెనమెట్లే

పోయిన చలికాలం మా హాస్టల్లో ఒక ఎం.ఏ. విద్యార్థి ఫోనుకు ఉన్నట్టుండి తాళం పడింది. తెర నిండా ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు, కట్టాల్సిన బకాయి, ఫోన్ చేయమని ఒక నంబరు. అతను ఆ కంపెనీ గడప ఎన్నడూ తొక్కలేదు. ఆరు నెలల కింద ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో ఐదు వేల ఐదు వందలు పెట్టి ఆ ఫోను కొన్నాడు. అంతకు ముందు దాన్ని కిస్తీల మీద తీసుకున్న మనిషెవరో మధ్యలో కట్టడం మానేశాడు. కిస్తీ మీద ఫోను చేతికిచ్చేటప్పుడే కంపెనీ అందులో ఒక యాప్ పెట్టి ఉంచింది. ఫోను ఎక్కడున్నా సరే, దూరం నుంచే దానికి తాళం వేయగల యాప్ అది. ఫోను చేతులు మారింది గానీ యాప్ యజమాని మారలేదు.

షాపతను నాలుగు వందలు తీసుకుని ఫ్లాషింగ్ చేసి ఇచ్చాడు. ఫోను తెరుచుకుంది. లోపల అంతా ఖాళీ. డిసర్టేషన్ కోసం మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులతో అతను చేసిన పదకొండు గంటల ఇంటర్వ్యూలు అందులోనే ఉండేవి. మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది దళిత మహిళలు. కాంట్రాక్టరు కోసే జీతం గురించి, ఎప్పుడూ లెక్క చెప్పని పీఎఫ్ గురించి, సూపర్‌వైజర్ నోటి దురుసు గురించి వాళ్ళు నమ్మి చెప్పుకున్న మాటలు. "అన్నా, గైడ్‌కు ఏం చెప్పాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ అప్పటి నుంచి నన్ను వేరే ప్రశ్న ఒకటి పట్టుకుంది. ఆ ఆరు నెలలూ ఆ ఫోను మీద పెత్తనం అసలు ఎవరిది?

ఫోను పోతే వెతికిపెట్టే యాప్‌ల గురించి మాట్లాడేటప్పుడు మనకు దొంగే గుర్తొస్తాడు. దొంగ దగ్గర ఫోను, మన దగ్గర రిమోట్. నిజానికి ఆ యాప్‌కు మనమూ తెలియదు, దొంగా తెలియడు. దానికి తెలిసింది ఒక సర్వర్. ఆ సర్వర్ నుంచి 'ఎక్కడున్నావు' అని వస్తే చెబుతుంది. 'మోగు' అంటే మోగుతుంది. 'తాళం వేసుకో' అంటే వేసుకుంటుంది. 'అంతా చెరిపెయ్' అంటే చెరిపేస్తుంది. ఇంత అధికారం చేతిలో ఉన్న యాప్, ప్రతి ఆదేశం ముందూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది చెబుతున్నది ఎవరు? ప్రపంచమంతా వాడే ఒక పెద్ద కంపెనీ యాప్ ఈ ప్రశ్న సరిగా అడగలేదని రెండుసార్లు బయటపడింది. ఆ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి.

శాంసంగ్ ఫోన్లతో పాటే వచ్చే యాప్ ఫైండ్ మై మొబైల్. 2014 అక్టోబరులో దీని మీద ఒక లోపం అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది. దాని సంఖ్య సీవీఈ-2014-8346. ఈజిప్టుకు చెందిన ఒక పరిశోధకుడు దాన్ని కనిపెట్టాడు. ఫోనుకు తాళం వేయమని వచ్చే కోడ్ నిజంగా యజమాని దగ్గర నుంచే వచ్చిందా అని ఆ వ్యవస్థ సరిచూసుకోవడం లేదు. మీరు శాంసంగ్ వెబ్‌సైట్లో లాగిన్ అయి ఉండగా ఎవరో పంపిన మాయ పేజీ ఒకటి తెరిస్తే చాలు, వాళ్ళు ఎంచుకున్న కోడ్‌తో మీ ఫోనుకు తాళం పడుతుంది. తాళం మీది, తాళంచెవి వాళ్ళది.

రెండోది ఇంకా లోతైనది. పోర్చుగల్‌కు చెందిన చార్49 అనే భద్రతా సంస్థ అదే యాప్‌లో నాలుగు లోపాలు పట్టుకుంది. శాంసంగ్ 2019 అక్టోబరులో వాటిని సరిచేసింది. వివరాలు 2020 ఆగస్టులో బయటకు వచ్చాయి. మొదటి లోపం వింటే నవ్వొస్తుంది. ఫోనులో అన్ని యాప్‌లూ పంచుకునే నిల్వ స్థలంలో ఒక ప్రత్యేకమైన పేరుతో ఫైలు ఉందా అని ఈ యాప్ చూస్తుంది. ఉంటే, ఏ సర్వర్ మాట వినాలో ఆ ఫైల్లో చదువుకుంటుంది. తయారీ సమయంలో పరీక్షల కోసం పెట్టుకున్న దొడ్డిదారి లాంటిదన్నమాట. ఆ ఫైలు మామూలుగా ఏ ఫోనులోనూ ఉండదు. కానీ నిల్వ స్థలం అనుమతి ఉన్న ఏ యాప్ అయినా దాన్ని సృష్టించవచ్చు. టార్చ్‌లైట్ యాపో, వాల్‌పేపర్ యాపో అడగగానే మనం 'అలో' నొక్కి ఇచ్చేసే అనుమతే అది. ఫైలు పడితే ఫైండ్ మై మొబైల్ శాంసంగ్‌ను వదిలేసి దాడి చేసేవాడి సర్వర్‌తో మాట్లాడడం మొదలుపెడుతుంది. మిగతా మూడు లోపాలనూ దీనికి గొలుసులా కలిపితే ఫోను ఎక్కడుందో చూడవచ్చు, కాల్స్, మెసేజ్‌లు లాగవచ్చు, తాళం వేయవచ్చు, మొత్తం చెరిపేయవచ్చు. గెలాక్సీ ఎస్7, ఎస్8, ఎస్9 ప్లస్ మీద పరిశోధకులు దీన్ని చేసి చూపారు.

అంటే ఊరికి కాపలా పెట్టిన మనిషికి, అరుగు మీద పడి ఉన్న చీటీలో ఎవరి పేరు రాసి ఉంటే వాళ్ళే సర్పంచ్ అని చెప్పినట్టు.

ఇక్కడిదాకా చదివిన సైన్స్ విద్యార్థులు ఒక అభ్యంతరం చెబుతారు. లోపం దొరికింది, కంపెనీ సరిచేసింది, కథ ముగిసింది కదా అని. ఏ ప్రోగ్రామ్‌లోనైనా లోపాలుంటాయి, నిజమే. నేను అడుగుతున్నది సవరణ ఎవరికి చేరింది అని. ఒక యాప్ వరకు తీసుకుంటే కొత్త వెర్షన్ స్టోర్ నుంచి దిగుతుంది, కొంచెం పాత ఫోనుకైనా అందుతుంది. కానీ ఇలాంటి దాడికి నేల ఇచ్చింది ఆండ్రాయిడ్ నిర్మాణమే. యాప్‌లన్నీ పంచుకునే నిల్వ స్థలంలో ఒక యాప్ పెట్టిన ఫైళ్ళను ఇంకో యాప్ ఇష్టమొచ్చినట్టు చదవకుండా, రాయకుండా అడ్డుగోడలు కట్టడం 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలైంది, ఆండ్రాయిడ్ 11తో గట్టిపడింది. అంతకు ముందరి ఫోన్లలో ఆ పంచుకునే నిల్వ స్థలమంతా గోడలు లేని సత్రమే. మా విద్యార్థి చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ 9. కార్మికుల గొంతులున్న రికార్డింగులూ, వాళ్ళ కూలి చీటీల ఫొటోలూ, అతని కుల ధ్రువీకరణ పత్రమూ అన్నీ ఆ సత్రంలోనే పడుకుని ఉండేవి. తాళం పడకపోయినా వాటికి తలుపు లేదు.

ఏ మోడల్‌కు నెలకోసారి భద్రతా అప్‌డేట్ ఇస్తుందో, దేనికి మూడు నెలలకోసారి, దేనికి ఏడాదికి రెండుసార్లు ఇస్తుందో శాంసంగ్ తన వెబ్‌సైట్లోనే జాబితా పెడుతుంది. దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. ఖరీదైన ఎస్ సిరీస్, మడత ఫోన్లు పై వరుసలో ఉంటాయి. చౌక మోడళ్ళు ఎక్కువగా కింది వరుసల్లో కనిపిస్తాయి. వయసు పైబడేకొద్దీ ఫోను ఒక్కో మెట్టు దిగుతుంది, చివరికి జాబితా నుంచే మాయమవుతుంది. 2024లో వచ్చిన ఎస్24కు ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. ఇది ఒక్క శాంసంగ్ సంగతి కాదు. నిజానికి ఆ కంపెనీ కనీసం జాబితా పెడుతోంది, చాలా చౌక బ్రాండ్లు అది కూడా చేయవు.

నెలకోసారి, మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి, ఎప్పుడూ లేదు. ఈ వరుస చూస్తే బాబాసాహెబ్ విద్యార్థులకు ఒక మాట తట్టకుండా ఉండదు. కుల వ్యవస్థను ఆయన వట్టి అసమానత అనలేదు, అంచెలంచెల అసమానత అన్నారు. ప్రతి మెట్టు మీదివాడికీ కింద ఇంకో మెట్టు ఉంటుంది కాబట్టి అందరూ కలిసి నిచ్చెనను ప్రశ్నించరు అన్నది ఆయన విశ్లేషణలోని పదును. ధర కులం కాదు, ఆ తేడా నేను మరచిపోవడం లేదు. డబ్బుంటే ఫోను మార్చవచ్చు, కులం మార్చలేం. అయినా ఈ నిచ్చెన పని చేసే తీరు అదే. నెలనెలా అప్‌డేట్ వచ్చేవాడికి సమస్యే కనిపించదు. మూడు నెలలకోసారి వచ్చేవాడు అసలు రానివాడిని చూసి తృప్తి పడతాడు. ఏదీ రానివాడికి తనకు రావాల్సింది ఒకటుందన్న సంగతే తెలియదు. పైగా ఆ చివరి మెట్టు మీద ఉన్నవాళ్ళకే ఫోను ఒక్కటే సర్వస్వం. లాప్‌టాప్ లేదు, ఇంట్లో వైఫై లేదు. స్కాలర్‌షిప్ ఓటీపీ, బ్యాంకు, క్లాసు నోట్సు, పీడీఎఫ్ పుస్తకాలు, ఫీల్డ్‌వర్క్ అన్నీ ఆ పగిలిన తెర వెనకే.

అప్పు సంగతికి మళ్ళీ వద్దాం. కిస్తీ కట్టలేదని ఫోన్లకు తాళం వేసే పద్ధతిని ఆపమని రిజర్వ్ బ్యాంక్ 2024లో రుణ సంస్థలకు చెప్పింది. 2025 సెప్టెంబరు నాటికి, రుణగ్రహీత ముందుగా సమ్మతి ఇస్తే తాళం వేయనిచ్చే నియమాల వైపు అదే బ్యాంకు ఆలోచిస్తోందని వార్తలు వచ్చాయి. సమ్మతి! ఫోను లేకపోతే అడ్మిషన్ ఫారమ్ కూడా నింపలేని పిల్లవాడు, కౌంటర్ దగ్గర పన్నెండు పేజీల ఇంగ్లీషు ఒప్పందం మీద వేలు నొక్కడాన్ని సమ్మతి అందామా? మన ఊళ్ళలో వెట్టికి కూడా కాగితం ఉండేది, దాని మీద వేలిముద్ర ఉండేది. కాకపోతే ఈ కాగితం ఫోనుతో పాటు చేతులు మారి, దాని మీద వేలు పెట్టని మూడో మనిషిని కూడా పట్టుకుంటుంది.

తమకు తెలియకుండానో, ఇష్టం లేకుండానో ఇంకొకరి రిమోట్ కింద బతికేవాళ్ళలో విద్యార్థులది చిన్న వాటా. ఆ రికార్డింగుల్లో మాట్లాడిన ఆడవాళ్ళ లాంటివాళ్ళది పెద్ద వాటా. చండీగఢ్‌లో, పంచ్‌కులాలో, నాగపూర్‌లో పారిశుద్ధ్య కార్మికుల ముంజేతికి జీపీఎస్ వాచీలు కట్టించారు. బీటు దాటితే, వాచీ తీస్తే జీతంలో కోత. వాచీలో కెమెరా, మైకు ఉన్నాయని, మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా భయమేస్తోందని చండీగఢ్ కార్మికులు 2020లో పత్రికల ముందు గోడు వెళ్ళబోసుకున్నారు, నిరసనలు చేశారు. నాగపూర్ అంటే దీక్షాభూమి ఉన్న నగరం. 1956 అక్టోబరు 14న లక్షల మంది తలెత్తుకున్న చోట, వాళ్ళ మనవరాళ్ళ అడుగులు ఇప్పుడు ఒక కాంట్రాక్టరు తెర మీద చుక్కలుగా కదులుతాయి. రోడ్డు ఊడ్చే మనిషికి వాచీ కట్టినవాళ్ళు, ఆ రోడ్డుకు బడ్జెట్ మంజూరు చేసే అధికారి ముంజేతికి ఎందుకు కట్టలేదో నాకు ఎవరూ చెప్పలేదు.

చార్49 లాంటి సంస్థలు శాంసంగ్ యాప్‌ను విప్పి చూస్తాయి, ఎందుకంటే దాన్ని కోట్ల మంది కొనుగోలుదారులు వాడతారు, కంపెనీకి పరువు భయం ఉంది. మున్సిపల్ టెండరులో తక్కువ కోట్ చేసినవాడి ట్రాకింగ్ యాప్‌ను ఎవరు విప్పి చూస్తారు? ఫలానా ఆడమనిషి తెల్లవారుజామున నాలుగున్నరకు ఏ సందులో ఒంటరిగా ఉంటుందో ఆ సర్వర్‌కు తెలుసు. ఆ సర్వర్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసో ఆమెకు తెలియదు. లోపం బయటపడినా ఆమెకు కబురు చెప్పేవాళ్ళు లేరు.

ప్రభుత్వమే యాప్ పెట్టమన్నప్పుడు ఏం జరుగుతుందో కూడా చూశాం. 2020 ఏప్రిల్‌లో ఆరోగ్య సేతు వచ్చింది. మే 1న ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ తప్పనిసరి చేశారు. అదే వారంలో ఒక ఫ్రెంచ్ పరిశోధకుడు, యాప్‌కు దొంగ లొకేషన్ చెప్పి ఏ చోట చుట్టుపక్కల ఎంతమంది అనారోగ్యంతో ఉన్నారో ఎక్కడినుంచైనా చూడవచ్చని చూపాడు. డేటా ఏదీ బయటకు పోలేదని యాప్ బృందం కొట్టిపారేసింది. ఒత్తిడి పెరిగాక మే చివర్లో ఆండ్రాయిడ్ కోడ్‌ను జనం ముందు పెట్టారు. 2025 నవంబరు 28న టెలికాం శాఖ ఇంకో అడుగు వేసింది. కొత్త ఫోన్లన్నిట్లో సంచార్ సాథీ యాప్‌ను 90 రోజుల్లో ముందే పెట్టి అమ్మాలని, దాని పనులకు అడ్డు రాకూడదని కంపెనీలను ఆదేశించింది. దేశమంతా గొడవ అయ్యాక డిసెంబరు 3న తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంది.

సంచార్ సాథీ వల్ల మేలు లేదని అనను. పోయిన ఫోన్లను ఐఎంఈఐ నంబరు పట్టి అడ్డుకునే వ్యవస్థ దాని వెనక ఉంది. తెలంగాణ పోలీసులు దాని సాయంతో వేల ఫోన్లు జనానికి తిరిగి ఇచ్చారు, వాటిలో కూలి మనుషుల ఫోన్లూ ఉన్నాయి. మనకు నచ్చితే పెట్టుకునే పనిముట్టుగా అది మంచిదే. తీసేయడానికి వీల్లేని యాప్‌గా దేశంలోని ప్రతి ఫోనులోనూ ఉంటే మాత్రం, శాంసంగ్ యాప్‌లో దొరికినట్టు ఒక్క మరిచిపోయిన ఫైలు చాలు, అందరి తలుపులూ ఒకేసారి తెరుచుకోవడానికి. అప్పుడు తీసేసే దారి ఎవరికీ ఉండదు, సవరణ మాత్రం మళ్ళీ మెట్ల వరుసలోనే దిగుతుంది.

1947లో షెడ్యూల్డ్ కులాల సమాఖ్య తరఫున అంబేడ్కర్ రాసిన 'రాష్ట్రాలు-మైనారిటీలు' పత్రంలో, మనిషి దేహం, ఇల్లు, కాగితాలు, వస్తువుల మీద అకారణ సోదాలు, జప్తులు ఉండకూడదన్న హక్కు స్పష్టంగా ఉంది. అది ఆ రూపంలో రాజ్యాంగంలోకి చేరలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో చెప్పడానికి 2017 ఆగస్టు 24 దాకా ఆగాల్సి వచ్చింది. ఇల్లు, కాగితాలు, వస్తువులు మూడూ ఇవాళ ఫోనులోనే ఉన్నాయి. 2023 డేటా రక్షణ చట్టం, డేటాను పట్టుకున్నవాళ్ళు తగిన భద్రత చూపాలని చెబుతుంది. అదే చట్టంలోని 17వ సెక్షన్ కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే తలుపు తెరిచి ఉంచింది. ఎవరి నుంచి రక్షణ ఎక్కువ కావాలో వాళ్ళకే మినహాయింపు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి గానీ రెండు మాత్రం మన చేతికి అందేవి. ఒకటి, ఫోను పెట్టె మీద ఎమ్మార్పీ ముద్రించినట్టే భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయో ముద్రించాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి తయారీదారులు ఆ గడువు చెప్పి తీరాలి. ఐరోపా యూనియన్ ఇంకా ముందుకు పోయింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మకానికి వచ్చే ఫోన్ మోడల్‌కు, దాని అమ్మకాలు ఆగిపోయాక కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలి. అదే కంపెనీలు, అవే ఫోన్లు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

రెండోది ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే మన పిల్లలకు సంబంధించింది. ప్రభుత్వ యాప్‌లోనో, హాజరు యాప్‌లోనో లోపం కనిపెట్టిన విద్యార్థి దాన్ని చెప్పడానికి భయపడతాడు. అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి చూస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. మంచి ఉద్దేశంతో చూసిన పరిశోధకుడికి చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. పోర్చుగల్ సంస్థ శాంసంగ్‌కు చెప్పగలిగినట్టు, కరీంనగర్ కాలేజీ పిల్లవాడు మున్సిపాలిటీకి చెప్పగలగాలి. కేసు పడితే లాయరును పెట్టుకోగల ఇంటి పిల్లలే నోరు విప్పగలిగితే, బయటపడే లోపాలు కూడా వాళ్ళు వాడే యాప్‌లవే అవుతాయి.

చివరికి మన విశ్వవిద్యాలయాల సంగతి. మా దగ్గర ఎథిక్స్ కమిటీ విద్యార్థిని సమ్మతి పత్రం అడుగుతుంది, పేర్లు మారుస్తావా అని అడుగుతుంది. ఏ ఫోనులో రికార్డు చేస్తావు, అందులో ఎవరెవరి యాప్‌లున్నాయి, దానికి ఆఖరి అప్‌డేట్ ఎప్పుడొచ్చింది అని ఎప్పుడూ అడగలేదు. మేము అధ్యాపకులమూ అడగలేదు, అందులో నా తప్పూ ఉంది. 'మీ పేరు ఎక్కడా బయటకు రాదు' అని కార్మికుల ముందు మాట ఇచ్చినప్పుడు, ఆ మాట మోసేది ఐదు వేల సెకండ్‌హ్యాండ్ ఫోను అని మాకు తట్టలేదు. అడగడమంటే ఫోను లేని విద్యార్థిని ఫీల్డ్‌వర్క్ నుంచి తప్పించడం కాదు, పరికరం ఇవ్వడం.

మా విద్యార్థి జనవరిలో మళ్ళీ ఆ బస్తీకి వెళ్ళాడు, స్నేహితుడి ఫోను తీసుకుని. ముగ్గురు మళ్ళీ మాట్లాడారు. ఒక అవ్వ మాత్రం ఫోను కేసి చూసి, "ఇది ఎవ్వరిది బిడ్డా? పోయినసారి తెచ్చింది ఏమైంది?" అని అడిగింది. జరిగింది చెప్పాడు. ఆమె చాయ్ తాగించి పంపింది, రికార్డింగు మాత్రం వద్దంది.

డిపార్ట్‌మెంటుకు రెండు వాయిస్ రికార్డర్లు, ఫైళ్ళు భద్రపరచడానికి ఒక కంప్యూటర్ కొనాలని ఫిబ్రవరిలో నోట్ పెట్టాను. ఏ పద్దు కింద రాయాలో తేలక అది ఇంకా అకౌంట్స్ సెక్షన్లోనే ఉంది.